ఫొటోలో లేనిదెవరు?

పెళ్లి ఆల్బమ్ తిరగేయండి. పుట్టినరోజు ఫొటోలు చూడండి. అందరూ ఉంటారు... ఒక్కరు తప్ప! ఆ ఒక్కరే ఫొటో తీసిన మనిషి. కెమెరా ఒకచోట, మీట మరోచోట ఉంటే? ఆ మీట జేబులోని సెల్‌ఫోన్‌లోనే ఉంటే? చిత్రంగా అనిపించే ఈ ఏర్పాటు వెనక పెద్ద కథే ఉంది.

దీపావళి సాయంత్రం. హైదరాబాద్‌లోని ఉస్మాన్‌గంజ్ టోకు బజారు. పొద్దున్నించీ బస్తాలు మోసిన హమాలీలు కాస్త నడుం వాలుస్తారు. తోపుడు బండ్లు, ట్రాలీ ఆటోలు ఓ పక్కకి ఒదుగుతాయి. దుకాణాల గుమ్మాలకు బంతిపూల దండలు, లోపల లక్ష్మీపూజ, కొత్త ఖాతా పుస్తకాలకు బొట్లు. మామూలు రోజుల్లో బజారు వైపు చూడని ఆడవాళ్లూ పిల్లలూ ఆ ఒక్క సాయంత్రం దుకాణంలోనే ఉంటారు. అలాంటి ఓ దుకాణాన్ని ఊహించుకోండి. హారతి అయిపోయింది, ప్రసాదం పంచారు. ఇంతలో ఎవరో అననే అంటారు... ‘అందరం కలిసి ఒక ఫొటో దిగుదాం!’

సరిగ్గా అక్కడే వస్తుంది చిక్కు. తాతగారు గద్దె మీద, నానమ్మ పక్కన, పిల్లలు ముందు, కోడళ్లు వెనక. మరి కెమెరా ఎవరు పట్టుకోవాలి? ‘నువ్వైతే బాగా తీస్తావురా’ అంటూ ఏటా ఒకరి మీదే పడుతుంది ఆ పని. పదేళ్ల తర్వాత ఆల్బమ్ చూస్తే ఆ కుర్రాడు ఆ ఇంట్లో పుట్టాడన్న ఆధారం ఒక్క ఫొటోలోనూ కనపడదు. పోనీ టైమర్ పెడదామంటే ఉన్నవి పది సెకన్లు. ఆలోగా దీపాల్ని తప్పుకుని, బస్తాల్ని దాటుకుని, చిన్నపిల్లల్ని తొక్కకుండా వచ్చి నవ్వుతూ నిలబడాలి. నవ్వు సంగతి దేవుడెరుగు, సగం ఫొటోల్లో ఆయన వీపే పడుతుంది.

ఇప్పుడా అవస్థ అక్కర్లేదు. కెమెరాని స్టాండు మీద పెట్టి, ఫోన్ చేత్తో పట్టుకుని తాతగారి పక్కనే కూర్చోవచ్చు. కెమెరా కంటికి ఏం కనిపిస్తోందో ఫోన్ తెర మీద కనిపిస్తుంది. ఎవరి తల తెగిందో, ఎవరు కళ్లు మూశారో అక్కడే చూసుకుని మీట నొక్కొచ్చు. నొక్కిన చెయ్యి కూడా ఫొటోలో ఉంటుంది!

కెమెరాకీ చేతికీ విడాకులు

తీసేవాడే దిగాలన్న కోరిక ఫొటోగ్రఫీతో పాటే పుట్టింది. 1839లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో రాబర్ట్ కార్నీలియస్ అనే ఆయన కెమెరా మూత తీసి, గబగబా వచ్చి దాని ముందు కూర్చున్నాడు. ఆ రోజుల్లో ఒక్క బొమ్మ పడాలంటే నిమిషాలు పట్టేది కాబట్టి పరుగెత్తడానికి తీరిక ఉండేది. తొలి స్వీయచిత్రాల్లో ఒకటిగా ఆ ఫొటోకి ఇప్పటికీ పేరుంది.

కెమెరాలు చురుకెక్కాక మూత తీసి పరుగెత్తే వీలు పోయింది. అప్పుడొచ్చింది రబ్బరు బుడ్డి. పొడవాటి గొట్టం ఒక కొస కెమెరాకి, రెండో కొసన బుడ్డి. అది నొక్కితే గాలి వెళ్లి షట్టర్‌ని కదుపుతుంది. ఆ తర్వాత తీగతో నడిచే కేబుల్ రిలీజ్, గడియారంలా టిక్కుటిక్కుమనే సెల్ఫ్ టైమర్, టీవీ రిమోట్ లాంటి ఇన్‌ఫ్రారెడ్ రిమోట్ వరసకట్టాయి.

మనుషుల కన్నా ముందు ఈ దూరం అవసరమైంది అడవిలో. మనిషి అలికిడి వింటే జంతువు నిలబడదు కదా. అమెరికాలో జార్జ్ షిరాస్ జంతువుల దారికి అడ్డంగా తీగ కట్టి, అది తగలగానే కెమెరా, ఫ్లాష్ పనిచేసేలా ఏర్పాటు చేశాడు. అలా రాత్రిపూట తీసినవీ కలిపి ఆయన ఫొటోలు 74, 1906 జులైలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికలో వచ్చాయి. మనదేశంలో అటవీ అధికారి ఎఫ్.డబ్ల్యు. చాంపియన్ 1920ల్లో అదే పద్ధతిలో పులుల్ని ఫొటోలు తీశాడు. పులిని తుపాకీతో కొట్టడమే గొప్పగా చెలామణీ అయిన రోజులవి. ఆయన మాత్రం కెమెరాతోనే సరిపెట్టుకున్నాడు. ఆ అనుభవాలతో 1927లో పుస్తకమూ వేశాడు.

ఆ తీగ వారసులే నేటి కెమెరా ట్రాప్‌లు. నల్లమలలో అమ్రాబాద్, నాగార్జునసాగర్ - శ్రీశైలం పులుల అభయారణ్యాల్లో చెట్లకు కట్టి ఉండేవి ఇవే. 2018 జాతీయ పులుల గణనకు దేశం మొత్తమ్మీద 26,838 చోట్ల వీటిని అమర్చారు. వచ్చిన ఫొటోలు దాదాపు మూడు కోట్ల 48 లక్షలు. అందులో పులులవి 76,651. కెమెరా ట్రాప్‌లతో జరిగిన అతిపెద్ద వన్యప్రాణి సర్వేగా అది గిన్నిస్ పుస్తకానికెక్కింది. అన్ని ఫొటోలకీ మీట నొక్కిన మనిషి ఒక్కడూ లేడు!

అయితే కెమెరా ట్రాప్‌కి కదలిక తెలుసు కానీ ముచ్చట తెలియదు. ఎప్పుడు తియ్యాలో అది ఎంచుకోలేదు. టైమరూ అంతే, రిమోటూ అంతే. మీట దూరమైంది గానీ కన్ను దూరం కాలేదు. కెమెరా ఏం చూస్తోందో తెలియకుండా గుడ్డిగా నొక్కడమే. ఆ లోటు తీర్చింది సెల్‌ఫోన్.

రెండూ మాట్లాడుకునే భాష

కెమెరా ఓ కంపెనీది, ఫోన్ మరో కంపెనీది. ఒకదాని మాట మరొకటి ఎలా వింటుంది? దానికో ఉమ్మడి భాష ఉంది. పేరు పీటీపీ, అంటే పిక్చర్ ట్రాన్స్‌ఫర్ ప్రోటోకాల్. డిజిటల్ కెమెరాలోని ఫొటోల్ని కంప్యూటర్‌లోకి దింపుకోవడానికి 2000లో ఈ భాషను రూపొందించారు. ‘ఫొటోలు పంపు’ అన్న ఆదేశంతో పాటు ‘ఫొటో తియ్యి’ అన్న ఆదేశానికీ అందులో చోటుంది. ఆ చిన్న వెసులుబాటే ఇంత కథకీ మూలం.

మొదట్లో ఈ మాటలన్నీ వైరు మీదే నడిచేవి. 2005లో నికాన్ కంపెనీ వైఫై ఉన్న కూల్‌పిక్స్ కెమెరాల్ని తెచ్చింది. 2009 నాటికి ఐఫోన్ నుంచి పెద్ద కెమెరాను నడిపే అప్లికేషన్ వచ్చింది. కాకపోతే మధ్యలో కంప్యూటర్ ఉండాలి. ఫోన్ కంప్యూటర్‌కి చెబితే, కంప్యూటర్ వైరు ద్వారా కెమెరాకి చెబుతుంది. పెళ్లి కుదిర్చే పెద్దమనిషి అన్నమాట. 2011లో వచ్చిన డీఎస్ఎల్ఆర్ కంట్రోలర్ అనే ఆండ్రాయిడ్ అప్లికేషన్ ఆ మధ్యవర్తిని తప్పించింది. ఫోన్‌కి వైరు తగిలించి కెనాన్ కెమెరాకి కలిపితే చాలు.

2012లో కెనాన్ ఈఓఎస్ 6డీ వచ్చింది. ఆ కంపెనీ డీఎస్ఎల్ఆర్‌లలో లోపలే వైఫై ఉన్న మొదటిది అదే. వైరు కూడా పోయింది. మరుసటి ఏడాది సోనీ ఇంకాస్త ముందుకెళ్లి క్యూఎక్స్10, క్యూఎక్స్100 అని రెండు వింత కెమెరాలు తెచ్చింది. చూస్తే ఉత్త లెన్సు డబ్బాలు. వాటికి వెనక తెరే లేదు. ఫోనే తెర! 2016 నుంచి నికాన్ తన కెమెరాల్లో బ్లూటూత్‌ని కూడా వాడుకుంది. తక్కువ కరెంటు తినే బ్లూటూత్ బంధాన్ని నిలబెట్టి ఉంచుతుంది, పెద్ద ఫొటోలూ ప్రత్యక్ష దృశ్యమూ పంపాల్సినప్పుడు వైఫై మేలుకుంటుంది.

పనిచేసే తీరు తేలికే. కెమెరాయే ఒక చిన్న వైఫై కేంద్రంగా మారుతుంది. ఫోన్ దానికి అతుక్కుంటుంది. ఇందులో ఇంటర్నెట్ ప్రమేయం లేదు కాబట్టి డేటా ఖర్చూ లేదు. తెర మీద వేలితో తాకితే అక్కడ ఫోకస్ అవుతుంది. షట్టర్ వేగం, అపెర్చర్, ఐఎస్ఓ వంటివి చాలా కెమెరాల్లో ఫోన్ నుంచే మార్చుకోవచ్చు. తీసిన ఫొటో ఆ వెంటనే ఫోన్‌లోకి వచ్చేస్తుంది. మరి అమెరికాలో ఉన్న అబ్బాయి అక్కడి నుంచే ఉస్మాన్‌గంజ్ దుకాణంలోని కెమెరా మీట నొక్కగలడా? ఈ పద్ధతిలో నొక్కలేడు. ఈ బంధం కొన్ని పదుల మీటర్ల దూరం వరకే. అంతదూరం నుంచి నడపాలంటే మధ్యలో మళ్లీ కంప్యూటర్, ఇంటర్నెట్ అన్నీ కావాలి.

ఇంకో పరిమితి కూడా ఉంది. ఫోన్ కెమెరాతో ఫొటో తీయిస్తుంది కానీ దాన్ని అటూ ఇటూ తిప్పలేదు. అలా తిరగాలంటే మోటారు అమర్చిన స్టాండు వేరే కొనుక్కోవాలి. కాబట్టి మొదట కెమెరాని ఎక్కడ, ఏ కోణంలో పెట్టాలన్న నిర్ణయం మాత్రం మనిషిదే. ఫొటో బాగోగులు సగం అక్కడే తేలిపోతాయి.

అడ్డుతెర జారే క్షణం

తెలుగు పెళ్లిలో ఫొటోగ్రాఫర్‌కి అసలైన పరీక్ష జీలకర్ర - బెల్లం. ఒకరి తల మీద ఒకరు చెయ్యి పెట్టగానే అడ్డుతెర పక్కకు జరుగుతుంది. వధూవరులు ఒకరినొకరు చూసుకునే ఆ చూపు మళ్లీ రాదు. దాని కోసం స్టిల్ కెమెరా, వీడియో కెమెరా, లైట్ల కుర్రాళ్లు అందరూ మండపం ముందు గోడ కట్టేస్తారు. ముందు వరస కుర్చీల్లో కూర్చున్న మేనత్తకీ పెద్దనాన్నకీ కనిపించేవి వాళ్ల వీపులే. అక్షింతలు కూడా వాళ్ల మీదే పడతాయి! కొన్ని కల్యాణ మండపాల్లో అయితే ఎదురుగా జరుగుతున్న పెళ్లిని పక్కనున్న ఎల్ఈడీ తెర మీద చూసుకోవాల్సిందే.

ఈ గోడని కొంతైనా పలచన చెయ్యగలిగేది దూరం నుంచి నడిపే కెమెరానే. పందిరి స్తంభానికి ఒకటి, పీటల వెనక పూల అలంకరణ దగ్గర ఒకటి బిగించి, ఫొటోగ్రాఫర్ ఓ పక్కన కూర్చుని ఫోన్‌లో చూస్తూ తీసుకోవచ్చు. అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల్లో శబ్దం రాకుండా తీసే వీలుంది కాబట్టి మంత్రాల మధ్య టకటకలూ ఉండవు. మనిషి నిలబడలేని చోటు నుంచి, అంటే తలంబ్రాలు పోసుకునే చేతుల నెత్తి మీది నుంచి కూడా దృశ్యం దొరుకుతుంది.

మరి పెళ్లి ఫొటోగ్రాఫర్లంతా ఇలాగే ఎందుకు చెయ్యరు? కారణం ఆలస్యం. కెమెరా చూసింది కుదించుకుని, గాలిలో ప్రయాణించి, ఫోన్ తెర మీద విచ్చుకోవడానికి సెకనులో కొంత భాగం పడుతుంది. అంటే తెర మీద మీరు చూసేది ఇప్పటి పెళ్లికూతురిని కాదు, రెప్పపాటు క్రితం పెళ్లికూతురిని. తెరలో చూపు కనపడ్డాక నొక్కితే ఆ చూపు దిగిపోయి ఉంటుంది. దీనికి విరుగుడు సులభమే. ముందుగా ఫోన్‌లో చూసి ఫోకస్ బిగించేసుకోవాలి. క్షణం రాగానే ఫోన్‌లో కాక నేరుగా మండపం వైపు చూస్తూ, వరసగా పలు ఫొటోలు తీసే పద్ధతిలో నొక్కాలి. సాధనం ఎంత తెలివైనదైనా సమయం పట్టుకోవాల్సింది మనిషి కన్నే!

నిమజ్జనం దారిలో...

ఉస్మాన్‌గంజ్ పరిసరాల్లో ఈ సాధనానికి అసలైన అగ్నిపరీక్ష వినాయక నిమజ్జనం. బాలాపూర్ నుంచి బయల్దేరే గణేశుడి ఊరేగింపు చార్మినార్ మీదుగా మూసీ దాటి అఫ్జల్‌గంజ్ చేరుకుంటుంది. అక్కడి నుంచి సిద్ధిఅంబర్ బజార్, మొజంజాహీ మార్కెట్ మీదుగా హుస్సేన్‌సాగర్‌కి సాగుతుంది. ఆ రోజు ఆ దారి పొడవునా తలలే తప్ప నేల కనపడదు. గుంపులో దిగితే విగ్రహం కనపడదు. డాబా మీదికెక్కితే కింద ఊరేగింపులో ఉన్న మనవాళ్లతో మనం ఉండం.

బాల్కనీ పిట్టగోడకి క్లాంపుతో కెమెరాని బిగించి, కింద జనంలో నిలబడి ఫోన్‌తో నడపొచ్చు కదా అనిపిస్తుంది. నడపొచ్చు గానీ ఇక్కడో మెలిక ఉంది. వైఫై, బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలకి నీళ్లంటే గిట్టదు. మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీరే కాబట్టి కెమెరాకీ ఫోన్‌కీ మధ్య జనం నిలబడితే అది నీటిగోడ అయిపోతుంది. దానికితోడు వేల ఫోన్లు అదే గాలిలో కేకలేస్తుంటాయి. ఖాళీ హాల్లో ఇరవై మీటర్లు అందిన సంకేతం ఊరేగింపు మధ్యలో అయిదారు మీటర్లకే తడబడొచ్చు. అందుకే ఇలాంటిచోట్ల కెమెరాకి నేరుగా కనపడేంత ఎత్తులో, ఎదురుగా ఏ అరుగు మీదో మెట్టు మీదో నిలబడాలి. బంధం తెగినా పనాగకుండా, అయిదు సెకన్లకోసారి దానంతటదే ఫొటో తీసుకునే సదుపాయం కెమెరాలో ఉంటే దాన్ని ముందే పెట్టుకోవడం తెలివైన పని.

అన్నిటికన్నా ముఖ్యం, కింద జనం ఉన్నారన్న ధ్యాస. కిలో బరువున్న కెమెరా రెండో అంతస్తు నుంచి జారితే ఫొటో కాదు, ప్రమాదం. క్లాంపు కాకుండా మరో గట్టి తాడో ఉక్కు తీగో కట్టి తీరాలి. డ్రోన్ ఎగరేద్దామన్న ఆలోచన వస్తే 2021 నాటి డ్రోన్ నిబంధనలు ఉన్నాయని గుర్తుంచుకోండి. ఆకాశాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా విడదీసి ఎక్కడ అనుమతి కావాలో అందులో చెప్పారు. ఫోన్‌తో నడిచేదైనా అది ఎగిరే యంత్రమే, ఆటబొమ్మ కాదు.

కెమెరా వెనక ఎవరూ లేకపోతే

దూరం వల్ల వచ్చే లాభం తీసేవారికే కాదు, దిగేవారికీ ఉంది. ఈ సంగతి హైదరాబాద్‌కి నూటముప్ఫై ఏళ్ల కిందటే తెలుసు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్. ‘ముసవ్విర్ జంగ్’ బిరుదు పొందిన ఆయన తీసిన ఫొటోలే నాటి నగరానికి చెరగని సాక్ష్యాలు. పరదా పాటించే ఇళ్లలోని ఆడవాళ్లు మాత్రం ఆయన కెమెరా ముందుకి రాలేరు. కెమెరాతో ఇబ్బంది లేదు, దాని వెనకున్న మగవాడితోనే. అందుకని 1892లో దీన్ దయాళ్ ఇక్కడ ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచారు. కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళ దాన్ని నడిపేవారు. కెమెరా వెనక మనిషి మారగానే, ముందున్న ముఖాల్లో బెరుకు పోయింది.

ఇప్పుడు ఇంకో అడుగు ముందుకేసి, కెమెరా వెనక ఎవరూ లేకుండానే తీసుకోవచ్చు. ఎదుటి మనిషి ‘నవ్వండి, గడ్డం పైకెత్తండి’ అంటుంటే బిగుసుకుపోయే బామ్మ, గదిలో మనవరాలితో కబుర్లాడుతూ కూర్చుంటే హాయిగా నవ్వేస్తుంది. మనవరాలి ఒళ్లో ఉన్న ఫోన్ పని ఫోన్ చేసుకుపోతుంది. చేతులు వణికే పెద్దవాళ్లకీ, కెమెరా బరువు మొయ్యలేనివాళ్లకీ, చక్రాల కుర్చీ దిగలేనివాళ్లకీ ఇది మరీ ఉపకారం. స్టాండు మీద కెమెరాని ఎవరైనా పెట్టిస్తే చాలు, ఏది తియ్యాలో ఎప్పుడు తియ్యాలో వాళ్లే తేల్చుకోగలరు. ఫొటో దిగడమే తప్ప తియ్యడం మన వల్ల కాదనుకున్నవారు ఫొటోగ్రాఫర్లు అవుతారు.

జాబిలి మీదా ఇదే ఇబ్బంది!

ఫొటో తీసినవారు ఫొటోలో లేకపోవడం మనుషులకే కాదు, యంత్రాలకీ ఎదురైంది. 2023 జులై 14న శ్రీహరికోట నుంచి బయల్దేరిన చంద్రయాన్-3 ఆగస్టు 23న చంద్రుడి మీద దిగింది. విక్రమ్ ల్యాండర్ కెమెరా ప్రజ్ఞాన్ రోవర్ కిందికి దొర్లి రావడాన్ని చక్కగా చూపించింది. మరి విక్రమ్‌ని చూపించేదెవరు? ఆగస్టు 30న ప్రజ్ఞాన్ వెనక్కి తిరిగి తన కెమెరాతో విక్రమ్ ఫొటో తీసింది. ‘స్మైల్ ప్లీజ్’ అంటూ ఇస్రో దాన్ని లోకానికి చూపించింది. చంద్రుడి నుంచి రేడియో సంకేతం రావడానికి దాదాపు 1.3 సెకన్లు పడుతుంది. దుకాణం ముందు స్టాండు మీది కెమెరా నుంచి తాతగారి పక్కనున్న ఫోన్‌కి రావడానికి సెకనులో కొంత భాగం. దూరం తేడాయే గానీ ముచ్చట ఒకటే!

కన్ను ఉన్నచోట కాపలా

మనిషి కనపడకుండా కెమెరా ఒక్కటే చూస్తుండటంలో ఎంత సౌకర్యముందో అంత ప్రమాదమూ ఉంది. బామ్మ బెరుకు పోగొట్టే ఏర్పాటే దుర్బుద్ధి ఉన్నవాడి చేతిలో దొంగచూపు అవుతుంది. అందుకే చట్టం దీని మీద కన్నేసింది. ఒకరి అంతరంగిక శరీర భాగాల్ని వారి అనుమతి లేకుండా ఫొటో తీసినా, పంపినా సమాచార సాంకేతిక చట్టంలోని 66ఈ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఏకాంతంలో ఉన్న మహిళను చాటుగా చూడటం, చిత్రీకరించడం 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 77వ సెక్షన్ ప్రకారం నేరం. మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ల దాకా శిక్ష.

చట్టం దాకా వెళ్లని మర్యాద కూడా ఒకటుంది. ఇంట్లో వేడుకైనా సరే, ‘అదిగో, అక్కడ కెమెరా ఉంది, ఫోన్‌తో తీస్తున్నాం’ అని ముందే చెప్పాలి. బట్టలు మార్చుకునే గదుల వైపు, పడకగదుల వైపు కెమెరా ముఖం తిరగకూడదు. చంటిబిడ్డకు పాలిచ్చే తల్లి ఎక్కడ కూర్చుందో చూసుకుని స్టాండు పెట్టాలి. కెమెరా వెనక మనిషి ఉన్నప్పుడు ఆ జాగ్రత్త ఎదుటివారూ తీసుకుంటారు. మనిషి లేనప్పుడు మొత్తం బాధ్యత మీట పట్టుకున్నవారిదే.

పాత కెమెరా ఉందా? పారెయ్యకండి!

* మీ కెమెరా మెనూలో వైఫై లేదా బ్లూటూత్ ఉందేమో చూడండి. ఉంటే ఆ కంపెనీ సొంత అప్లికేషన్‌నే దింపుకోండి. పేరు సరిచూసుకోండి, ఎందుకంటే పేర్లు మారుతుంటాయి. సోనీదే తీసుకుంటే మొదట ప్లేమెమరీస్ మొబైల్, తర్వాత ఇమేజింగ్ ఎడ్జ్ మొబైల్, ఆ తర్వాత క్రియేటర్స్ యాప్ అయింది.

* వైఫై లేని పాత డీఎస్ఎల్ఆర్ అయితే ఓటీజీ వైరుతో ఆండ్రాయిడ్ ఫోన్‌కి కలపొచ్చేమో తెలుసుకోండి. అదీ కాకపోతే దాని మోడల్‌కి సరిపడే చిన్న ఇన్‌ఫ్రారెడ్ రిమోట్ చాలు. తెర కనపడదు గానీ పరుగు తప్పుతుంది. ఇన్‌ఫ్రారెడ్ సదుపాయమున్న కొన్ని ఫోన్లూ ఆ పని చేస్తాయి.

* కెమెరాలు పదిహేనేళ్లు బతుకుతాయి, అప్లికేషన్లు అన్నాళ్లు బతకవు. ఫోన్‌ని కెమెరాకి రిమోట్‌గా మార్చిన ట్రిగ్గర్‌ట్రాప్ అనే లండన్ కంపెనీ 2017లో మూతపడింది. కొత్త కెమెరా కొనేముందు మీ ఫోన్‌తో దుకాణంలోనే కలిపి చూడండి.

* వైఫై వాడితే కెమెరా బ్యాటరీ త్వరగా అయిపోతుంది. వేడుకల్లో రెండో బ్యాటరీ తప్పనిసరి. కెమెరా దానంతటదే నిద్రపోయే ఏర్పాటుని కాసేపు ఆపెయ్యండి.

* కెమెరా వైఫైకి పాస్‌వర్డ్ ఉండాలి. పని కాగానే వైఫై కట్టెయ్యండి. ఇంటి సీసీ కెమెరాల్ని ఫోన్‌లో చూసుకునేవారు వాటితో వచ్చిన పాస్‌వర్డ్‌ని మొదటిరోజే మార్చాలి.

* కెమెరాయే లేదా? ఫోన్‌ని స్టాండు మీద పెట్టి చేతి గడియారాన్ని రిమోట్‌గా వాడుకోవచ్చు. 2015లో వచ్చిన ఆపిల్ వాచ్ నుంచే ఆ సదుపాయం ఉంది. సెల్ఫీ కర్రకి ఉండే చిన్న బ్లూటూత్ మీట కూడా అందుకు పనికొస్తుంది.

మళ్లీ ఆ దీపావళి సాయంత్రానికి వద్దాం. దుకాణం గుమ్మానికి ఎదురుగా స్టాండు, దాని మీద కెమెరా. లోపల తాతగారు, నానమ్మ, కోడళ్లు, పిల్లలు. ఏటా బయట నిలబడే ఆ కుర్రాడు ఈసారి తాతగారి గద్దె పక్కన మఠం వేసుకుని కూర్చున్నాడు. ఒళ్లో ఫోన్ వెలుగుతోంది. రోజూ అదే గుమ్మంలో బస్తాలు దించే పెద్దాయన ఓ పక్కన నిలబడి చూస్తుంటే, ‘మీరూ రండి, తియ్యడానికి ఎవరూ అక్కర్లేదు’ అని లోపలికి పిలిచారు.

పదేళ్ల తర్వాత ఆ ఫొటో చూసేవాళ్లు ఒక ప్రశ్న వేస్తారు... ‘ఇంతకీ ఇది తీసిందెవరు?’ ఆ కుర్రాడు తన ముఖం మీదే వేలు పెట్టి చూపించొచ్చు.